నదికి ఒక రోజు

మే నెల వచ్చిందంటే ఏలూరు పవర్‌పేటలో, తాడేపల్లిగూడెం కడకట్లలో, కైకలూరు చుట్టుపక్కల పల్లెల్లో కొన్ని ఇళ్లకు ప్రయాణపు సందడి వస్తుంది. జర్మనీలోనో ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉన్న పిల్లల దగ్గరికి తల్లిదండ్రులు బయల్దేరతారు. వీసా చేతికొచ్చింది. కొత్తావకాయ ప్యాకింగు అయింది. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు మూడు నెలలకు సరిపడా తెచ్చుకున్నారు. ఫోన్లో అబ్బాయి కార్యక్రమం చెబుతుంటాడు: “నాన్నగారూ, శనివారం రైన్ నది మీద ఓడ ఎక్కుదాం. గంటలో అయిపోతుంది. మధ్యాహ్నానికల్లా ఇంకో ఊరు చూసేయొచ్చు.”

ఆ అబ్బాయి ప్రేమలో లోటేమీ లేదు. సెలవు దొరికేది రెండు రోజులు, చూపించాలనుకున్నవి పది. అయినా ఆ ఇంట్లోవాళ్లకు మేం చెప్పదలచుకున్నది ఒకటుంది. నదికి గంట చాలదు. కోట గానీ చర్చి గానీ మనం ఎప్పుడు వెళ్లినా అక్కడే ఉంటుంది, చూసి వచ్చేయొచ్చు. నది సంగతి వేరు. ఆ రోజు నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయి, ఎంత వడిగా పోతున్నాయి, పొగమంచు ఏ వేళకు విడుతుంది అన్నదాన్ని బట్టే అక్కడ మన ప్రయాణం. అందుకని దానికి ఒక నిండు రోజు ఇవ్వాలి. ఆ రోజు కుదరకపోతే మార్చుకోవడానికి మరో రోజు చేతిలో ఉంచుకోవాలి.

రైన్ సంగతే చూద్దాం. యూరప్ వెళ్లే మనవాళ్లకు తరచుగా తగిలే నది అదే. బింగెన్, రూడెస్‌హైమ్ అనే ఊళ్ల దగ్గర నుంచి కోబ్లెంజ్ వరకు సుమారు 65 కిలోమీటర్లు అది కొండల మధ్య ఒదిగి ప్రవహిస్తుంది. 2002లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. ఏటవాలు కొండల మీద ద్రాక్ష తోటలు, మలుపు మలుపుకీ పాత కోటలు. ఆ కోటల్లో చాలావాటి పని సుంకం వసూలు చేయడం. కౌబ్ అనే చిన్న ఊరి ఎదుట, నది నడిమధ్య రాతిదిబ్బ మీద 14వ శతాబ్దంలో కట్టిన కోట ఒకటి నేటికీ నిలిచి ఉంది. సుంకం కట్టని పడవ అప్పట్లో దాన్ని దాటి పోవడానికి వీలుండేది కాదు. ఇంకొంచెం దిగువన లోరెలై అనే 132 మీటర్ల రాతికొండ. అక్కడ నది సన్నబడుతుంది, లోతెక్కుతుంది, చప్పున ఒంపు తిరుగుతుంది. పూర్వం ఎన్నో పడవలు అక్కడ రాళ్లకు తగిలి మునిగాయి. కొండ మీద కూర్చుని పాట పాడి సరంగుల చూపు మరల్చే అందగత్తె కథ ఆ మలుపులోనే పుట్టింది. నీళ్లు భయపెట్టే చోట కథో గుడో వెలవడం అన్ని నదుల దగ్గరా ఉన్నదే. పాపికొండలకు పోయే పడవ ఎక్కేముందు మనవాళ్లు గండి పోచమ్మకు దండం పెట్టుకుంటారు కదా.

మన ప్రాంతం వాళ్లకు అక్కడ ఇంకో సంగతి కూడా దగ్గరగా అనిపిస్తుంది. ఆ లోయ పొడవునా నదికి వంతెన లేదు. ఈ ఒడ్డు వాళ్లు ఆ ఒడ్డుకు పోవాలంటే పంటు ఎక్కాల్సిందే. కార్లు, సైకిళ్లు, బడిపిల్లలు అన్నీ దాని మీదే. నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు కోసం నిలబడ్డవాళ్లకు ఆ దృశ్యం కొత్తగా ఉండదు.

ఈ రోజును ఎలా అమర్చుకోవాలి? మొదట తెలుసుకోవాల్సింది ప్రవాహం ఎటన్నది. ఏటివాలులో గంటన్నర పైచిలుకు పట్టే దూరం, ఎదురెక్కితే దానికి ఒకటిన్నర రెట్లు మించి పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఈ తేడా చాలా పెద్దది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైల్లో రూడెస్‌హైమ్ చేరి, అక్కడ ఓడ ఎక్కి, దిగువకు సాంక్ట్ గోర్ దాకానో బొప్పార్డ్ దాకానో పోయి, తిరిగి రైల్లో వచ్చేయడం మేలైన పద్ధతి. నదికి రెండు ఒడ్లనా రైలు మార్గం ఉంది. పొద్దున ఓడ మీంచి చూసిన కోటలనే సాయంత్రం రైలు కిటికీలోంచి మరోసారి చూడొచ్చు. దారిలో బాఖరాఖ్ వంటి ఊళ్లో దిగి, రెండు గంటలు నిదానంగా తిరిగి, తర్వాతి ఓడ అందుకోవచ్చు. అలా దిగి ఎక్కడానికి టికెట్టు చెల్లుతుందో లేదో కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. సొంత తిండి ఓడ మీద తిననిస్తారో లేదో కూడా అడగాలి. తిననివ్వకపోయినా చింత లేదు, రేవులో బెంచీ మీద కూర్చుని నదిని చూస్తూ పులిహోర తింటే అదీ ప్రయాణంలో భాగమే. వియన్నాలో పిల్లలున్నవాళ్లకు డాన్యూబ్ మీద మెల్క్ నుంచి క్రెమ్స్ వరకు 36 కిలోమీటర్ల వాఖావ్ లోయ ఉంది. అక్కడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

కాలం సంగతి మరింత ముఖ్యం. రైన్ మీద విహార ఓడల హడావుడి ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకే. జూలై, ఆగస్టుల్లో జనం ఎక్కువ. సెప్టెంబర్ చివర ద్రాక్ష కోతల కాలం, కొండలకు రంగు తిరిగే కాలం. ఇక నీటిమట్టం. కౌబ్ దగ్గర నది కొలత ఒకటుంది. ఆ నది మీద బతికేవాళ్లందరి కళ్లూ దానిమీదే. 2018 అక్టోబర్‌లో అది 25 సెంటీమీటర్లకు పడిపోయింది. 2022 ఆగస్టులో మళ్లీ 40 సెంటీమీటర్ల కంటే దిగువకు వెళ్లింది. ఈ అంకె నది లోతు కాదు, కొలబద్ద మీద గుర్తు మాత్రమే. అయినా ఆ గుర్తును చూసే సరుకు ఓడలు బరువు తగ్గించుకుంటాయి, విహార ఓడలు కొన్ని రేవులు వదిలేస్తాయి. వరద ఎక్కువైనప్పుడు ఒక గుర్తు దాటిందంటే ఓడల రాకపోకలే ఆపేస్తారు. మన టికెట్టుకు ఏడాది ముందే డబ్బు కట్టామన్న సంగతి ఆ కొలబద్దకు పట్టదు. పట్టకూడదు కూడా.

ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. వర్షాకాలంలో డెల్టాలో ఏ ఇంట్లో టీవీ పెట్టినా వినిపించేది ధవళేశ్వరం నీటిమట్టమే. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులు. ఈ అంకెలు మన చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చు. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. కొల్లేరు లంకల వాళ్లయితే పెదయడ్లగాడి వంతెన దగ్గర నీళ్లెంత వచ్చాయో చూసి, తమ్మిలేరు, బుడమేరుల్లో ఏం దిగుతోందో విచారించి, ఉప్పుటేరు ఎంత లాగుతోందో లెక్కవేసి, కైకలూరు రోడ్డు రేపు ఉంటుందో మునుగుతుందో చెప్పగలరు. నీటిని చదవడం వాళ్లకు తాతల నాడే వచ్చిన చదువు.

ఇంత తెలిసిన మనం విహారానికి బయల్దేరినప్పుడు మాత్రం ఆ చదువును ఇంట్లో వదిలేసి వెళుతున్నాం. ఇది చెప్పక తప్పదు, బాధతోనే చెబుతున్నాం. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. గోదావరిలో వరద 5 లక్షల క్యూసెక్కుల స్థాయిలో ఉంది. ఆ నీటిలోనే 77 మందితో పాపికొండలకు ఒక పడవ బయల్దేరింది. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర, సుడులకు పేరుపడ్డ చోట, అది మునిగింది. బతికి ఒడ్డుకు చేరింది 26 మంది. వాళ్లను కాపాడింది పక్కనే ఉన్న తూటుగుంట గ్రామస్థులు. ప్రాణాలకు తెగించి సొంత పడవల్లో వచ్చి చేతికి అందినవాళ్లను అందినట్టు లాగారు. ఆ పడవను బయటికి తీయడానికి నెల రోజులు దాటింది. అక్టోబర్ 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం దాన్ని పైకి తెచ్చింది. ఆ బృందానికి ఉన్నది మోకులు, లంగర్లు, నీటి గురించి ఏళ్ల తరబడి గడించిన తెలివి.

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద పాత హేవలాక్ వంతెన దాదాపు 3 కిలోమీటర్ల పొడవు. అంత వెడల్పున పరుచుకునే నది పాపికొండల దగ్గర రెండు కొండల మధ్య ఇరుక్కుని పోతుంది. అదే నీరు అంత సందులోంచి పోవాలంటే లోతూ వడీ పెరగక తప్పదు. ఆ చోటికి అందం ఇచ్చింది ఆ ఇరుకే. వరదలో దాన్ని ప్రమాదం చేసేదీ ఆ ఇరుకే. కచ్చులూరుకు ముందు 2017 నవంబర్‌లో కృష్ణానది మీద పవిత్ర సంగమం దగ్గర, 2018 మేలో గోదావరి మీద మంటూరు దగ్గర ప్రమాదాలు జరిగాయి. కచ్చులూరు తర్వాత నిబంధనలు బిగిశాయి. రేవుల్లో కంట్రోల్ రూములు వచ్చాయి. లైఫ్ జాకెట్ల తనిఖీ, ఎక్కినవాళ్ల జాబితా, వరద రోజుల్లో పడవల నిలుపుదల వచ్చాయి. ఇవన్నీ మంచివే. వీటిని నిలబెట్టాల్సింది మాత్రం అధికారులొక్కరే కాదు. “ఇంత దూరం వచ్చాం, కాస్త పోనివ్వండి” అని రేవులో బతిమాలే కుటుంబాలు, ఉక్కగా ఉందని జాకెట్టు విప్పి పక్కన పెట్టే పెద్దమనుషులు కూడా ఇందులో ఉన్నారు. వాళ్లు మనలోవాళ్లే.

విదేశం కాబట్టి అన్నీ వాళ్లే చూసుకుంటారన్న ధీమా కూడా వద్దు. 2019 మే 29 రాత్రి బుడాపెస్ట్‌లో, వాన కురుస్తూ డాన్యూబ్ ఉరవడి మీద ఉన్నప్పుడు, హాబ్లెయాన్ అనే చిన్న విహార పడవను మార్గరెట్ వంతెన కింద పెద్ద ఓడ ఢీకొంది. పడవలో ఉన్న 35 మందిలో ఏడుగురే బతికారు. ప్రయాణికులంతా దక్షిణ కొరియా నుంచి సెలవులు గడపడానికి వచ్చినవాళ్లు. అంతటి నగరంలో, అంతటి వ్యవస్థ ఉన్నచోట జరిగింది. కాబట్టి పడవ ఎక్కగానే జాకెట్లు ఎక్కడున్నాయి, బయటికి దారి ఎటు అని చూసుకోవడం పిరికితనం కాదు. అమ్మానాన్నలకు ఆ రెండూ చూపించాకే ఫొటోలు మొదలుపెట్టమని పిల్లలకు మా మనవి.

నది మీద రోజంతా గడపడం మన జిల్లావాళ్లకు ఒకప్పుడు సెలవు కాదు, బతుకు. కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లతో పాటు దారులు కూడా ఇచ్చింది. విజ్జేశ్వరం లాకుల నుంచి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు కాలవ వచ్చేది. ఏలూరులో కృష్ణ వైపు కాలవను కలిసి బెజవాడ దాకా పోయేది. అటుపైన కొమ్మమూరు కాలవ, బకింగ్‌హామ్ కాలవల మీదుగా మద్రాసు దాకా నీటి మీదే వెళ్లొచ్చు. రైలు రాకముందు పెళ్లిళ్లకు, కోర్టు వాయిదాలకు, పరీక్షలకు జనం పడవల మీదే వెళ్లేవాళ్లు. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టు వెంట మనుషులు తాడు భుజాన వేసుకుని లాగడం. రాత్రి లాకు దగ్గర పడవ ఆగితే అక్కడే వంట, అక్కడే పడక. ఈ దారిని 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అప్పటి లెక్కన మొత్తం 1,078 కిలోమీటర్లు, అందులో ఏలూరు కాలవ వాటా 139. ఈనాడు ఆ కాలవలో మనకు కనబడేది గుర్రపుడెక్క, ఊళ్ల మురుగు. కాలవలకు నీళ్లు వదిలే నెలల్లో తాడేపల్లిగూడెం దగ్గర పది కిలోమీటర్ల మేర శుభ్రం చేసి ఓ పడవ నడిపినా చాలు. పిల్లలకు తమ ఊరు ఏ నీటి మీద పెరిగిందో అర్థమవుతుంది. ప్రభుత్వం చేయగలిగిన చిన్న పని ఇది, చేయాలని గట్టిగా కోరుతున్నాం.

మన పడవ ప్రయాణపు ఊహలన్నీ గోదావరి చుట్టూ తిరుగుతుంటాయి. 1973 నాటి ‘అందాల రాముడు’ చూసిన తరం, 2006 నాటి ‘గోదావరి’ చూసిన తరం రెండూ రాజమహేంద్రవరంలో పడవెక్కి భద్రాచలంలో దిగాలని కలగన్నవే. ఇప్పుడు ఆ దారి అలా లేదు. 2021 జూన్‌లో పోలవరం దగ్గర ప్రవాహాన్ని స్పిల్‌వే మీదుగా మళ్లించాక కింది నుంచి పైకి పడవ పోయే మార్గం మూసుకుపోయింది. ఇటువైపు వాళ్లు రోడ్డు మీద గండి పోచమ్మ దాకా వెళ్లి, అక్కడ ఎక్కాలి. అక్కడి నుంచి ఎగువకు సాగితే పాపికొండల జాతీయ ఉద్యానం. 2008లో ఆ హోదా వచ్చిన ఈ అడవి వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. పేరంటాలపల్లిలో దిగితే రామకృష్ణ మునివాటం, శివాలయం, కొండ మీంచి జారే నీటి చప్పుడు. కానీ దారిలో ఒడ్డు వెంట చూస్తే ఖాళీ అయిన ఊళ్లు కనబడతాయి. ప్రాజెక్టు కోసం దేవీపట్నం మండలంలో జనం ఇళ్లు వదిలి పునరావాస కాలనీలకు వెళ్లారు. వరద వస్తే గండి పోచమ్మ గుడే మునుగుతోంది. మన కంటికి అందంగా కనబడే ఆ ఒడ్డు మీద నిన్నటిదాకా కొందరి వాకిళ్లు ఉన్నాయి. పడవలో మైకు పాటలు కాసేపు ఆపి, పక్కనున్న సరంగునో, టిఫిను వడ్డించే కుర్రాణ్నో ఇక్కడ ఏ ఊరుండేదని అడిగితే చెబుతారు. వాళ్లలో చాలామందిది ఆ దరి ప్రాంతమే.

కొల్లేరు మన గుమ్మంలోనే ఉంది కాబట్టి దాన్ని యాత్రగా లెక్కవేయం. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన సరస్సు ఇది, 2002లో రాంసర్ జాబితాకు ఎక్కింది. ఆటపాకలో చెట్ల మీదా ఇనుప మంచెల మీదా గూళ్లు పెట్టుకునే గూడబాతులను చూడటానికి దూరదేశాల నుంచి మనుషులు వస్తారు. ఏలూరులో డిగ్రీ చదువుతున్న పిల్లల్లో ఎందరు వెళ్లారో ఒకసారి వాళ్లనే అడిగి చూడండి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు ఫాల్గుణంలో ఒకప్పుడు అందరూ పడవల మీదే వెళ్లేవాళ్లు. తాటిదోనెను గెడతో తోసుకుంటూ పోయిన ఆ చేతుల తెలివి ఇంకా లంకల్లో మిగిలే ఉంది.

అందుకే రైన్ మీద అమ్మానాన్నలకు ఒక రోజు చూపించిన పిల్లలకు ఓ మాట. డిసెంబర్‌లో మీరు క్రిస్మస్ సెలవులకు వచ్చి సంక్రాంతి దాకా ఉంటారు కదా. అది మన నీళ్లకు సరైన కాలం. వరదలు తగ్గి గోదావరి తేటపడుతుంది, కొల్లేరు పక్షులతో నిండుతుంది. ఇక్కడా రెండు రోజులు వదిలిపెట్టుకోండి. ఒకటి పాపికొండలకు, ఒకటి ఆటపాకకు. ముందు రోజు సాయంత్రమే రేవుకు ఫోను చేయండి. పడవకు అనుమతి ఉందా, ఎంతమందిని ఎక్కిస్తారు, రద్దయితే డబ్బు తిరిగిస్తారా అని అడగండి. గోదావరి జిల్లాల్లో ఆ రోజుల్లో పొగమంచు దట్టం, తొమ్మిదింటి దాకా విడకపోవచ్చు. పడవ ఆలస్యంగా కదిలితే సరంగు మీద విసుక్కోవద్దు. పాపికొండలు ఆ రోజు కుదరదంటే బండి కైకలూరు వైపు తిప్పి, నది ప్రయాణం మర్నాటికి మార్చుకోండి. తిరుగు విమానానికి ముందు రోజున మాత్రం నదిని పెట్టుకోవద్దు. ఆఖరి రోజు అనుకుంటేనే రేవులో బతిమాలడం మొదలవుతుంది.